కుడి వైపు పద్నాలుగు కిలోలు

ఇంట్లో ఉన్నంతసేపూ కారు బుద్ధిగానే ఉండేది. ట్రాక్ ఎక్కిందంటే చాలు, కుడికి లాగేది.

మూడు ఆదివారాలు అలాగే గడిచిపోయాయి. నాలుగో ఆదివారమే ఆఖరు. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ట్రాక్ ఆఫీసు గోడ మీది పదహారు పేర్ల పట్టిక ఖరారవుతుంది. పావు మైలు దూరాన్ని అందరికంటే తక్కువ సమయంలో దాటిన పదహారు మంది. అందులో పిడుగు పేరు లేకపోతే సోమవారం పొద్దున కారు అమ్ముడై షెడ్డు దాటి వెళ్లిపోతుంది. ఆ మాట తీసుకున్నది తల్లి. ఇచ్చింది పిడుగే.

పిడుగు అసలు పేరు కాదు. రెండేళ్ల వయసులో గోడగడియారం విప్పి, దాని స్ప్రింగును మెడలో వేసుకుని వీధంతా తిరిగిన రోజు మేనమామ పెట్టిన పేరు. అసలు పేరు రేషను కార్డులో ఉంది. ఎవరికీ గుర్తు లేదు. ఇప్పుడామెకు ఇరవై ఏడు. కళ్లద్దాల షాపు వెనక గదిలో కూర్చుని రోజంతా అద్దాలు అరగదీస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి కారు కింద దూరుతుంది.

ఆ కారు డొక్కుగా ఇంటికొచ్చిన రోజునే తల్లి తేల్చి చెప్పేసింది.

"నీ సరదా నీది, నా గుండె నాది. ఆ కారుని నేను చేత్తో ముట్టుకోను. దాని ముందుకు రమ్మని నన్ను పిలవద్దు."

ఆమె మాటంటే మాటే. రెండేళ్లలో ఒక్కసారైనా కారెక్కలేదు. ట్రాక్ ఎటువైపుందో కూడా అడగలేదు. షెడ్డులోకి కాఫీ గ్లాసులు మాత్రం వేళ తప్పకుండా వచ్చేవి.

షెడ్డు మేనమామది. ఇల్లు అక్కాతమ్ముళ్లిద్దరిదీ, పెరట్లో రేకుల కప్పు కింద అతని పని. స్ప్రింగులు చుట్టడం. షట్టర్లకి, సోఫాలకి, కాటాలకి, లారీలకి. ఇనుప కడ్డీని ఎర్రగా కాల్చి, గుండ్రటి దిమ్మె చుట్టూ తిప్పి, నూనెలో ముంచితే బుస్సుమని పొగ లేచేది. ఆ పొగలో అతను ముఖం కనబడకుండా నిలబడి, చుట్లు లెక్కపెట్టుకునేవాడు. పందెం కారుకి మాత్రం ఎప్పుడూ చుట్టలేదు.

ఏడు వారాల కిందట మేనకోడలు పాత స్ప్రింగులు రెండు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇవి బాగా మొండిగా ఉన్నాయి మావయ్యా."

అతను ఒకదాన్ని తిప్పి చూశాడు. చివర రంపంతో కోసిన గుర్తు.

"ఎవడే కోసింది?"

"ముందు వాడినవాడు. కారు నేలకి దగ్గరగా కనబడాలని రెండు చుట్లు తీసేశాడంట."

"కనబడింది కదా, ఇంకేం. చుట్లు తగ్గితే స్ప్రింగు బిగుసుకుపోతుందని ఆ మహానుభావుడికి ఎవరూ చెప్పలేదు. తోక కోసిన పిల్లి బరువు తగ్గిందనుకున్నాడు." అతను దాన్ని మూలకు విసిరేశాడు. "సరే, నీకేం కావాలో చెప్పు. ఎంత మోయాలి, ఎంత గట్టిగా ఉండాలి?"

"గట్టిగా వద్దు. ముందు వైపు మెత్తగా కావాలి. పచ్చ లైటు పడగానే కారు ముక్కు పైకి లేవాలి. ముక్కు లేస్తే బరువు వెనక్కి జారి వెనక టైర్ల మీద కూర్చుంటుంది. అప్పుడే టైరు నేలని పట్టుకుంటుంది. లేదంటే పొగే తప్ప పరుగుండదు."

అతను ఊరికే గాల్లో వేలితో చుట్లు తిప్పాడు.

"అంటే నీకు కావాల్సింది మోసే స్ప్రింగు కాదు. ఎదురుచూసే స్ప్రింగు."

"ఏమో. నువ్వలా అంటే అలాగే."

"సన్న కడ్డీతో చుడతా. పొడుగ్గా, చుట్లు ఎక్కువగా. దాన్ని బాగా అణిచి కారు కింద కూర్చోబెడితే, అణిగున్నంతసేపూ లేవడం గురించే ఆలోచిస్తూ ఉంటుంది. వీలు దొరికిందా, ముక్కుని ఆకాశంలోకి నెట్టేస్తుంది."

"స్ప్రింగు ఆలోచిస్తుందా మావయ్యా?"

"నీకంటే ఎక్కువ."

రెండు కవల స్ప్రింగులు చుట్టాడు. ఒకే కడ్డీ నుంచి, ఒకే వేడిలో. కానీ వెంటనే ఇవ్వలేదు. అతని దగ్గర ఒక పద్ధతుంది. చుట్టిన ప్రతి స్ప్రింగునూ ఇనుప బిగింపులో పూర్తిగా అణిచి, ఒక రోజంతా అలాగే వదిలేస్తాడు. మర్నాడు విప్పి స్కేలుతో కొలుస్తాడు. ఎత్తు తగ్గిందా, అది పనికిరానిది. దానికి అతను పెట్టుకున్న పేరు నిద్ర. నిద్ర చెయ్యని స్ప్రింగు తన గడప దాటదని, షట్టర్లవాళ్లు కత్తి పట్టుకుని నిలబడినా ఇవ్వనని అనేవాడు. షట్టర్లవాళ్లు కత్తితో ఎప్పుడూ రాలేదు గానీ, తిట్టుకుంటూ వెళ్లి మళ్లీ అతని దగ్గరికే వచ్చేవారు.

కవలలు నిద్ర చేసి లేచాయి. ఒక్క వెంట్రుకవాసి తగ్గలేదు. కారుకి బిగించారు.

ఆ తర్వాత తూకం.

ఏవో గోదాములు మూతపడినప్పుడు అతని దగ్గరికి చేరిన పాత డయల్ కాటాలు నాలుగున్నాయి షెడ్డులో. ఒక్కో చక్రం కింద ఒక్కోటి. డ్రైవరు సీట్లో డ్రైవరు ఉండాలి, హెల్మెట్ పెట్టుకునే ఉండాలి. ఎందుకంటే పరిగెత్తేది ఖాళీ కారు కాదు.

"కదలకు. కళ్లు మూసుకో. ఊపిరి మెల్లగా తియ్యి," అనేవాడు మేనమామ. "నువ్వు అటూ ఇటూ చూస్తే ముల్లు ఊగుతుంది."

పిడుగుకి ఆ తూకం వేళ ఇష్టంగా ఉండేది. కళ్లు మూసుకుంటే రేకుల కప్పు మీద ఎండ చిటపటమనడం వినబడేది. నూనె వాసన, చల్లబడుతున్న ఇనుము వాసన, ఎక్కడి నుంచో కాఫీ వాసన. ఆ చీకట్లో ఆమెకు ట్రాక్ కనబడేది. సిమెంటు నది లాంటి ట్రాక్. కారు దాని మీద చప్పుడు లేకుండా పోయేది. చక్రాలకీ నేలకీ మధ్య ఏదో మెత్తని తెర ఉన్నట్టు, ఆ తెర మీద తను జారిపోతున్నట్టు. ఎంత దూరం పోయినా పావు మైలు అయ్యేది కాదు.

ఆమె అలా పోతూ ఉంటే మేనమామ నేల మీద గొంతుక్కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఒక్కొక్క కాటా ముందుకీ కప్పలా జరుగుతూ ముల్లు చూసి సుద్దముక్కతో గోడ మీద రాసేవాడు.

ముందు ఎడమ, రెండొందల అరవై రెండు కిలోలు. ముందు కుడి, రెండొందల డెబ్బై ఆరు.

"కుడివైపు పద్నాలుగు కిలోలు ఎక్కువుందే," అన్నాడు మొదటి తూకంలోనే. "అటుపక్క ఒక వేలు కిందకి కూర్చుంది కూడా. నీ ఇంజను అటు ఒరిగినట్టుంది. కుడికి కాస్త బలమైంది చుట్టాలి."

చుట్టాడు. కవలల్లో ఒకదాన్ని తీసేసి, కొత్తదాన్ని కుడివైపు పెట్టాడు. మళ్లీ కాటాలు ఎక్కించి, కళ్లు మూసుకోమని, నేల మీద జరుగుతూ కొలిచాడు. ముక్కు నీటిమట్టంలా సమానంగా నిలబడింది. పనికిరాకుండా మిగిలిపోయిన కవలని బిగింపులో పెట్టి అణిచేసి, మర్చిపోయాడు.

మొదటి ఆదివారం ట్రాక్ దగ్గర, లైను ఎక్కకముందే పిడుగు చూసింది.

"మావయ్యా, కుడిపక్క ఒక వేలు పైకి లేచింది."

అతను వంగి చూశాడు. నిజమే. తర్వాత నేలను చూశాడు. ఒకప్పుడు విమానాలు దిగిన చోటు అది. కార్లు నిలిపే జాగాలో సిమెంటు పక్కకి వాలుగా ఉంది, వాననీళ్లు పోవడానికి.

"నేల వంకర. కారుది కాదు తప్పు."

"ఆడలేనమ్మ మద్దెల ఓడు అందంట."

"నీ మద్దెల నేను చుట్టాను కాబట్టి అది ఓడు కాదు. పో."

ఆమె పోయింది. పచ్చ లైటు పడింది. ముక్కు లేచింది, ఆమె కలలో లేచినట్టే, అంత మెత్తగా. ఒక్క క్షణం ముందు అద్దంలో ఆకాశం తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత కారు, ఎవరో చెయ్యి పట్టుకుని లాగినట్టు, కుడికి ఒరిగింది. పిడుగు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసింది. పదమూడు సెకన్లు. ఆ సమయంతో పట్టికలోకి కాదు, పట్టిక అంటించే గోడ దాకా కూడా పోలేం.

ఇంటికి తెచ్చి కాటాలెక్కించారు. సమానం. ముక్కు రెండువైపులా ఒకే ఎత్తు, తలవెంట్రుక తేడా లేదు.

రెండో ఆదివారానికి వెనక టైర్లు అటుది ఇటు మార్చింది. కుడికే పోయింది. ఇంట్లో సమానం.

మూడో ఆదివారానికి వెనక ఇరుసు విప్పి, దారం కట్టి, నాలుగు సాయంత్రాలు సరిచూసింది. ఈసారి కాలు ఆలస్యంగా తీసింది. కుడి పక్క గోడ అద్దంలోకి పెరిగి పెద్దదై, రంగు కూడా కనబడి, వెనక్కి పోయింది.

ట్రాక్ మీద కార్లను వదిలే పెద్దాయనని అందరూ జెండా ఆయన అంటారు. లైట్లొచ్చి ఇరవై ఏళ్లయినా ఆయన చేతిలో ఆ జెండా అలాగే ఉంది. ఆయన నడుచుకుంటూ కారు కిటికీ దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, గోడకి జానెడు దూరంలో పోయావు."

"చూశానండీ."

"నేను కూడా చూశాను. అదే నాకు నచ్చలేదు. వచ్చే ఆదివారం ఒక్కసారి వదులుతాను. మళ్లీ పక్కకి పోతే, నీకు పట్టిక అక్కర్లేదు, నా లైనూ అక్కర్లేదు."

ఇంటికొచ్చారు. కాటాలెక్కించారు. సమానం.

మేనమామ ఆ సాయంత్రం కాఫీ తాగలేదు. గోడ మీది అంకెల ముందు నిలబడి, "ఇది ఇంట్లో ఒకటీ బయట ఒకటీ చెప్తోందే," అన్నాడు. "ముప్పై ఎనిమిదేళ్లలో ఇనుము నాతో అబద్ధమాడలేదు."

నాలుగో ఆదివారం. పొద్దున్నే ఆరయింది. ఎనిమిదికల్లా కారు ట్రాలీ ఎక్కాలి.

పిడుగు షెడ్డు తలుపు తీసింది. ఎండ ఏటవాలుగా లోపలికొచ్చి కారు మీద పడింది. ఆ కారుకి రంగు వెయ్యలేదు. బూడిద రంగు ప్రైమరు పూసి వదిలేసింది. మెరుపు లేని పూత, సుద్ద పూసినట్టుంటుంది. దుమ్ము తుడుద్దామని గుడ్డ పట్టుకుని ముందు చక్రాల మీది రేకు దగ్గరికొచ్చి ఆగిపోయింది.

కుడి రేకు మీద ఒకచోట, పళ్లెం అంత మేర, మెరుస్తోంది.

వంగి చూసింది. నూనె కాదు. తడి కాదు. వేలితో రాసింది. నున్నగా ఉంది. చుట్టూ గరుకు, మధ్యలో నునుపు.

ఎడమవైపు వెళ్లి చూసింది. అక్కడ ఏమీ లేదు.

ఈ ఒక్క సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏడేళ్లుగా చేస్తున్న పనే అది. మసక అద్దం దానంతటది మెరవదు. ఏదో ఒకటి, మెత్తటిది, అదే చోట, మళ్లీ మళ్లీ, రోజుల తరబడి రాసుకుంటేనే మెరుస్తుంది.

గుడ్డ భుజం మీద వేసుకుని ఆ మెరుపు పక్కన నిలబడింది. తన తొడ దగ్గరికొచ్చింది. మేనమామ ఎప్పుడూ నేల మీదే ఉంటాడు. తనకంటే పొట్టి మనిషికి అది సరిగ్గా నడుము దగ్గరికొస్తుంది.

"మావయ్యా," అని పిలిచింది. గట్టిగా కాదు. "కాటాలు పెట్టు."

"ఇప్పుడా? ట్రాలీవాడు వచ్చే వేళయింది."

"ఇప్పుడే. అమ్మ రాకముందు."

అతను గొణుక్కుంటూనే పెట్టాడు. ఆమె హెల్మెట్ పెట్టుకుని సీట్లో కూర్చుంది. అతను నేల మీదకి దిగాడు. ముల్లు చూసి, కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు.

"ఏమే."

"ఎంత?"

"కాటా చెడిపోయింది."

"ఎంతో చెప్పు మావయ్యా."

"కుడి ముందుది పద్నాలుగు కిలోలు తగ్గి చూపిస్తోంది. రేకు వేలెత్తు పైకి లేచింది. ట్రాక్ దగ్గర లేచినట్టే." అతను కాటాని అరచేత్తో చరిచాడు. ముల్లు ఊగి మళ్లీ అక్కడికే వచ్చింది. "నిన్న సాయంత్రం బాగానే ఉందే ఇది."

"నిన్న సాయంత్రం ఇక్కడ ఎవరున్నారు?"

"ఎవరుంటారు. నువ్వు, నేను."

"ఇంకా?"

"ఇంకెవరే? కాఫీ తెచ్చి మీ అమ్మ..." అతను అక్కడే ఆగిపోయాడు. కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. తుడిచి మళ్లీ పెట్టుకోవడం మర్చిపోయాడు.

వంటింటి తలుపు కిర్రుమంది. చెప్పుల చప్పుడు పెరట్లోకి వచ్చింది.

"ఆ ముల్లే చూస్తూ ఉండు," అంది పిడుగు మెల్లగా. "ఏమీ అనకు." సీట్లో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. పూర్తిగా కాదు.

రెప్పల సందులోంచి షెడ్డు నీళ్లలో ఉన్నట్టు కనబడింది. తల్లి రెండు గ్లాసులతో లోపలికొచ్చింది. ఒకటి తమ్ముడి పక్కన నేల మీద పెట్టింది. రెండోది పట్టుకుని, అలవాటైన దారిలో నడిచినట్టు, కారు ముందు నుంచి తిరిగి కుడివైపుకొచ్చింది. మోకాళ్ల నొప్పుల మనిషి. ఎక్కడ ఆగినా దేనికో ఒకదానికి ఆనుకోవాల్సిందే. ఇంట్లో స్తంభానికి, గడపకి, ఫ్రిజ్జుకి. ఇక్కడ రేకుకి నడుము ఆనించింది. ఒక మోచెయ్యి దాని మీద పెట్టుకుంది. గ్లాసులోంచి ఆవిరి లేచి ఆమె గడ్డం దగ్గర విడిపోయింది.

కిందనుంచి మేనమామ ఊపిరి వినబడింది. చక్రం మీద కారు చిన్నగా అణగడం పిడుగు ఒంటికి తెలిసింది. నడుస్తున్న పడవలోకి ఇంకొకరు ఎక్కినట్టు.

తల్లి ఏమీ చూడటం లేదు, కూతుర్ని తప్ప. అద్దంలోంచి, హెల్మెట్ లోపలి ముఖాన్ని. నుదురు, మూసిన రెప్పలు, మళ్లీ నుదురు. రెండేళ్లలో పిడుగు ఆమె ముఖంలో కోపం చూసింది, విసుగు చూసింది. ఇది చూడలేదు.

కళ్లు తెరిచేసింది.

తల్లి ఉలిక్కిపడింది. గ్లాసు తొణికింది.

"కళ్లు మూసుకోలేదేమే?"

"అమ్మా, నువ్వు రోజూ ఇక్కడే నిలబడతావా?"

"ఎక్కడ?"

"ఇక్కడ. కారుకి ఆనుకుని."

"నేనెందుకు ఆనుకుంటాను? నేను దాన్ని ముట్టుకోనని చెప్పానా లేదా?" నడుము అలాగే ఆనించి ఉంది.

"అక్కా," కారు కిందనుంచి గొంతొచ్చింది. "ఒక్కసారి అటు జరుగు."

జరిగింది.

"ఇప్పుడు మళ్లీ ఉన్నట్టు ఉండు."

"ఏంట్రా ఈ ఆట పొద్దున్నే?"

"ఉండక్కా."

ఆనుకుంది.

"రెండొందల డెబ్బై ఆరు," అన్నాడు తమ్ముడు, ఎవరో చచ్చి బతికిన వార్త చెప్పినట్టు. "ఆరు వారాలుగా నేను స్ప్రింగు చుట్టింది ఇంజనుకి కాదే కోడలా. మీ అమ్మకి."

తల్లికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక రేకు మీది మెరుపును చూసింది. అరచేత్తో దాన్ని చెరపబోయినట్టు ఒకసారి రాసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"దీనివల్లనేనా అది పక్కకి పోయింది?"

"అవును. కుడి స్ప్రింగు బలమెక్కువై ఆ మూల పైకి నెడితే, బరువు ఐమూలగా ఎడమ వెనక టైరు మీదకి పోతుంది. ఆ టైరు గట్టిగా తోస్తే కారు కుడికి తిరుగుతుంది." చెప్తూనే పిడుగు హెల్మెట్ తీసేసింది. "ఎందుకు నిలబడేదానివమ్మా?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ నిలబడరు."

తల్లి గ్లాసులోకి చూసింది. "ఇంట్లో నీ ముఖం ఒక్కచోట ఉండదు కదే. తింటూ ఫోను, పడుకుంటూ ఫోను. ఇక్కడైతే వాడు కదలకు అంటాడు, నువ్వు కళ్లు మూసుకుంటావు. చిన్నప్పుడు నిద్రపోయినట్టే ఉంటావు." గ్లాసు అటూ ఇటూ తిప్పింది. "చూసుకునేదాన్ని. ఆదివారం నువ్వు దాంట్లో కూర్చుని పోతావు కదా, అందుకని."

రేకుల కప్పు వేడెక్కుతూ ఒకసారి టప్పుమంది.

మొదట కదిలింది మేనమామే. ఇలాంటి చోట మగవాడికి చేతికి పనుంటే బాగుంటుంది.

"ఇప్పుడు కుడికి ఎడమదాంతో సరిసమానమైంది కావాలి. కొత్తది చుట్టడానికి గంట చాలు. కానీ నిద్ర?" తల అడ్డంగా ఊపాడు. "నిద్ర చెయ్యనిది నేను నీ కింద పెట్టను. పట్టిక పోయినా సరే."

"మరి కవల?"

"ఏ కవల?"

"మొదటి రోజు తీసేశావు కదా. దాన్నేం చేశావు?"

అతను మూలకి తిరిగాడు. పాత సోఫా స్ప్రింగుల గుట్ట వెనక, దుమ్ము పట్టిన బిగింపులో, అరచేతి ఎత్తుకు అణిగిపోయి ఉంది అది. ఆరు వారాలుగా.

అతను దాని ముందు కూర్చున్నాడు. వెంటనే విప్పలేదు.

"ఒక్కరోజు అణిస్తేనే సగం స్ప్రింగులు ఒళ్లు విరుచుకోవడం మర్చిపోతాయి. ఇది నలభై రెండు రోజులు." అతని గొంతులో భయముంది, దాన్ని దాచడం అతనికి చేతకాలేదు. "తగ్గిందంటే మనం ఇంట్లో కూర్చోవడమే."

"విప్పరా," అంది అక్క. "నీ చేత్తో చుట్టిందే కదా."

మరలు ఒక్కొక్కటీ వదులయ్యాయి. స్ప్రింగు లేచింది. ఎగరలేదు, మోగలేదు. నిద్రలేచిన పిల్లి సాగినట్టు, చుట్టు తర్వాత చుట్టు విడిపోతూ, తీరిగ్గా, తన ఎత్తుకు తను చేరి ఆగింది. అతను స్కేలు ఆనించాడు. కళ్లజోడు కోసం తడుముకున్నాడు. పిడుగు తెచ్చి పెట్టింది. మళ్లీ ఆనించాడు.

గోడ మీద ఆరు వారాల కిందట సుద్దతో రాసుకున్న దాని ఎత్తు చూశాడు. స్కేలు చూశాడు.

"అంతే ఉంది," అన్నాడు. ముఖం అటు తిప్పుకుని, "వెంట్రుకవాసి తగ్గలేదు."

ముప్పావుగంటలో స్ప్రింగు మారింది. కాటాలెక్కించినప్పుడు తల్లి షెడ్డు గుమ్మం బయట, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. కుడి రెండొందల అరవై రెండు, ఎడమ రెండొందల అరవై రెండు. రేకులు రెండూ ఒకే ఎత్తు.

ట్రాలీ కదిలేటప్పుడు ముందు సీటు తలుపు తెరుచుకుంది.

"జరగండి," అంది తల్లి.

"నువ్వెక్కడికక్కా?"

"నేనెక్కడ ఆనుకుంటానోనని మీకు అనుమానం ఉంటుంది కదా. అక్కడికొచ్చి ఎక్కడా ఆనుకోకుండా నిలబడతాను. చూసుకోండి."

ట్రాక్ చేరేసరికి పదకొండు దాటింది. పట్టికలో పదహారో పేరు పక్కన పదకొండు పాయింట్ అరవై రెండు సెకన్లు ఉంది. దాని కింద గోడ ఖాళీ.

జెండా ఆయన వేలు చూపించాడు: ఒక్కసారి.

పిడుగు కారుని లైను మీదకి తెచ్చింది. వెనక టైర్లు నీళ్లలో తిప్పి వేడి చేసింది. తెల్లటి ఆవిరి కారుని కమ్మేసింది. ఆవిరి పలచబడ్డాక పక్కకి చూసింది. తాడు అవతల, మేనమామ పక్కన, తల్లి. చేతులు వెనక్కి కట్టుకుని ఉంది. మోకాళ్లు నొప్పెడుతున్నాయని నిలబడ్డ తీరులోనే తెలుస్తోంది. పక్కనే కమ్మీ ఉంది. ఆనుకోలేదు.

ఈసారి ముఖం దాచుకోలేదు తల్లీకూతుళ్లిద్దరూ.

పసుపు లైటు. పసుపు. పసుపు.

పచ్చ.

ముక్కు లేచింది. ఆరు వారాలు అణిగి, లేవడం గురించే ఆలోచించినది ఇప్పుడు లేచింది. ముందు అద్దం నిండా ఆకాశం. వీపు సీటులోకి మునిగింది. చప్పుడంతా వెనకెక్కడో ఉండిపోయింది, ఎవరిదో చప్పుడులా. ఆమె ఎదురుచూసింది, కుడి నుంచి ఆ చెయ్యి వచ్చి పట్టుకుంటుందని.

రాలేదు.

ముక్కు మెల్లగా దిగింది. ట్రాక్ తిరిగి కనబడింది, కళ్లు మూసుకున్నప్పుడు కనబడినంత సూటిగా. గోడ గోడ చోటే ఉంది. సిమెంటు నది కింద నుంచి జారిపోతోంది. ఎంత దూరమో తెలియలేదు. షెడ్డులో అయితే ఈ పావు మైలు అయ్యేది కాదు. ఇక్కడ అయిపోయింది. అయిపోవడం ఆమెకు కొంచెం బెంగగా కూడా అనిపించింది.

బోర్డు మీద పదకొండు పాయింట్ యాభై ఎనిమిది.

ఆమె తిరిగి వచ్చేసరికి జెండా ఆయన గోడ దగ్గర నిలబడి, పదహారో పేరు మీద కొత్త కాగితం ముక్క అంటిస్తున్నాడు. "అసలు పేరేంటమ్మాయ్? పిడుగు అని రాస్తే ఆఫీసువాళ్లు ఒప్పుకోరు."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి తల్లే చెప్పింది, అక్షరం అక్షరం పలికి.

తర్వాత అడిగింది, "ఇంక కూర్చోవచ్చా?" మేనమామ ట్రాలీ వెనక తలుపు దించి అరుగులా చేశాడు. ఆమె కూర్చుని, రెండు మోకాళ్లూ చేతులతో పట్టుకుని, చాలాసేపు రన్‌వే చివర వణుకుతున్న ఎండని చూస్తూ ఉండిపోయింది.

సోమవారం కారు షెడ్డులోనే ఉంది. సాయంత్రం మళ్లీ కాటాలెక్కింది. పదహారు మంది పందెం ఇంకో రెండు వారాల్లో. పిడుగు సీట్లో కళ్లు మూసుకుంది. మేనమామ నేల మీద జరుగుతూ అంకెలు రాశాడు. రాస్తూ గోడకి ఒక మూల, మిగతావాటికి దూరంగా, ఇంకో లైను రాశాడు: అక్క, పద్నాలుగు కిలోలు, తీసెయ్యాలి.

కాఫీ తెచ్చిన తల్లి అది చదివింది.

"పద్నాలుగేంట్రా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"పూర్తి బరువు రాయలేదు కదక్కా. ఆనుకున్నంతే రాశాను."

"చెరిపెయ్యి."

"చెరిపితే మళ్లీ తప్పు చుడతాను."

ఆమె గ్లాసు పట్టుకుని కారు ముందు నుంచి తిరిగింది. మెరుపున్న చోటికొచ్చి, ఒక అడుగు దూరంలో ఆగిపోయింది.

"నిలబడమ్మా," అంది పిడుగు, కళ్లు తెరవకుండానే. "మావయ్య తీసేసి లెక్కేస్తాడులే."

కారు కుడిపక్క కొంచెంగా అణిగింది. ముల్లు కదిలి, రెండొందల డెబ్బై ఆరు దగ్గర నిలిచింది.